సొంత వ్యాపారం పెట్టుకునే మన పిల్లలకు ధమ్మం ఏం చెబుతుంది?



ధమ్మ బంధువులారా, పోయిన పున్నమి నాడు గుంటూరులో మా చిన్న విహారంలో వందన అయిపోయింది. అందరూ లేవబోతున్నారు. అంతలో వెనక వరసలో కూర్చున్న ఒక తల్లి, "బాబాయ్ గారూ, ఒక్క మాట అడగొచ్చా?" అంది. అడగమ్మా అన్నాను.

"మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. ఉద్యోగానికి వెళ్ళనంటోంది. మగ్గం వర్కు నేర్చుకుంది, సొంతంగా యూనిట్ పెడతానంటోంది. వాళ్ళ నాన్న ఏమో మన ఇంటా వంటా లేదు వ్యాపారం, చదివించింది ఉద్యోగం కోసం అంటున్నాడు. నేను ఇక్కడ ప్రతి పున్నమికీ తృష్ణ వదులుకోవాలి అని వింటున్నాను కదా. డబ్బు సంపాదించాలని వ్యాపారం పెట్టడం తృష్ణ కాదా? ధమ్మం ఒప్పుకుంటుందా?"

ఆ రోజు టైము చాలక నాలుగు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఎంతమంది పిల్లల చేత లోను కాగితాల మీద సంతకాలు పెట్టించానో లెక్కలేదు. వాళ్ళలో నిలబడ్డ వాళ్ళూ గుర్తున్నారు, పడిపోయిన వాళ్ళూ గుర్తున్నారు. అందుకే ఈసారి కరపత్రం ఈ విషయం మీదే రాస్తున్నాను. ఆ తల్లి చదవాలి. ఆమె భర్త కూడా చదవాలి.

మొట్టమొదట ఒక సంగతి. బోధి ప్రాప్తి తర్వాత భగవానుడికి మొదటి భోజనం పెట్టిందెవరు? రాజులు కాదు, పండితులు కాదు. తపుస్సుడు, భల్లికుడు అనే ఇద్దరు వర్తకులు. ఉక్కల దేశం నుంచి బళ్ళ మీద సరుకు వేసుకుని ఆ దారిన పోతున్నారు. పేలపిండీ తేనె ముద్దలూ సమర్పించారు. అప్పటికింకా సంఘం ఏర్పడలేదు కాబట్టి బుద్ధుణ్ణి, ధమ్మాన్ని మాత్రమే శరణు కోరారు. లోకంలో మొదటి ఉపాసకులు వాళ్ళే. 'ముందు ఆ బళ్ళు వదిలేసి రండి, తర్వాత ఉపాసకులవుదురు గాని' అని భగవానుడు అనలేదు. వాళ్ళు దణ్ణం పెట్టుకుని మళ్ళీ బళ్ళు తోలుకుంటూ వ్యాపారానికే వెళ్ళారు.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న, కొంచెం మాటలు మార్చి, రెండున్నర వేల ఏళ్ళ కిందటే ఒకాయన బుద్ధుణ్ణే అడిగాడు. ఆయన కోలియుల కుర్రవాడు దీఘజాణు. కక్కరపత్తం అనే ఊళ్ళో భగవానుడి దగ్గరకొచ్చి దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. మేం పిల్లాపాపలతో ఇరుకిళ్ళల్లో ఉండేవాళ్ళం, కాశీ చందనం పూసుకుంటాం, పూలు పెట్టుకుంటాం, వెండి బంగారాలు ముట్టుకుంటాం, మాలాంటి వాళ్ళకు ఇక్కడా తర్వాతా మేలు చేసే ధమ్మం ఏదైనా ఉంటే చెప్పండి స్వామీ అన్నాడు. నాకు ఆ అడగడం చాలా ఇష్టం. తను కానిది అయినట్టు నటించలేదు.

బుద్ధుడు ఆయన్ని కసురుకోలేదు. ఈ లోకంలో మేలుకి నాలుగు చెప్పాడు. ఉత్థాన సంపద అంటే కష్టపడి, తెలివిగా, చేసే పనిలో నేర్పుతో పూనుకోవడం. ఆరక్ష సంపద అంటే ధర్మంగా సంపాదించిన దాన్ని కాపాడుకోవడం. కల్యాణ మిత్రత అంటే మంచివాళ్ళ సహవాసం. సమజీవిత అంటే రాబడికి తగ్గ బతుకు. మొదటిదాని దగ్గర ఆయన చెప్పిన వృత్తుల వరస చూడండి: వ్యవసాయం, వర్తకం, పశుపోషణ, విలువిద్య, రాజోద్యోగం, ఇంకా ఏదైనా చేతిపని. వర్తకమూ రాజోద్యోగమూ ఒకే వరసలో కూర్చున్నాయి. ఉద్యోగం ఎక్కువ, కొట్టు తక్కువ అని మనం పెట్టుకున్న మెట్లు ఆ సుత్తంలో లేవు. అమ్మా, మీ ఇంటాయనకి ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి. పూనిక తృష్ణ కాదు. పూనిక లేకుండా ఫలం మాత్రం కావాలనుకోవడం తృష్ణ.

అయితే పెట్టేయమని చెప్పి చేతులు దులుపుకుంటే నేను కల్యాణ మిత్రుణ్ణి కాను. మా వీధిలో జరిగింది చెబుతాను. పేరూ గుర్తులూ అక్కర్లేదు.

బీటెక్ చదివిన అబ్బాయి. రెండేళ్ళు ఉద్యోగాల చుట్టూ తిరిగాడు. ఫ్రెండ్స్ మాట విని ఒక టీ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. ఫ్రాంచైజీ ఫీజు, షాపు అడ్వాన్సు, లోపల చెక్క పని, లైట్లు, బోర్డు, అన్నీ కలిపి పది లక్షలు దాటింది. ఏడున్నర లక్షలు బ్యాంకు లోను, మిగతాది అమ్మ గాజులు తాకట్టు. ఓపెనింగుకి నన్నూ పిలిచాడు. వెళ్ళాను, అక్షింతలు వేశాను, అల్లం టీ తాగి బాగుందన్నాను. లెక్క అడగలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలతో బతికిన వాణ్ణి, ఆ ఒక్కరోజు మొహమాటపడ్డాను. ఇది నా తప్పు. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎనిమిది నెలల తర్వాత అడిగితే తెలిసిన లెక్క ఇది. కప్పు 15 రూపాయలు. పాలు, పంచదార, పొడి, గ్యాసు, కప్పు కలిపి ఏడు పోగా మిగిలేది ఎనిమిది. అద్దె 25 వేలు. ఇద్దరు కుర్రాళ్ళ జీతాలు 24 వేలు. కరెంటు 5 వేలు. లోను వాయిదా 16 వేలు. నెలకి 70 వేలు. ఎనిమిదితో భాగించండి. నెలకి 8,750 కప్పులు, అంటే రోజుకి 290 కప్పులు పైన అమ్మితే గానీ సున్నాకి రాడు. సున్నాకి! తన తిండి ఇంకా లెక్కలోకి రాలేదు. వాడు అమ్ముతున్నది 180. ప్రతి నెలా 27 వేల దాకా లోటు. "నీ సున్నా ఎక్కడుందో షాపు తెరవకముందు వేసుకున్నావా నాన్నా?" అని అడిగాను. తల దించుకున్నాడు. "కంపెనీ వాళ్ళు పీపీటీలో రోజుకి 500 కప్పులని చూపించారు తాతయ్యా" అన్నాడు.

అంగుత్తర నికాయంలో పాపణిక సుత్తాలని రెండున్నాయి. పాపణికుడంటే అంగడి నడిపేవాడు. ఒకదాన్లో, పొద్దున్నా మధ్యాహ్నమూ సాయంత్రమూ శ్రద్ధగా పని చూసుకోని అంగడివాడు కొత్త సంపద తేలేడు, ఉన్నది పెంచలేడు అంటాడు భగవానుడు. నిజానికి అది భిక్షువుల సాధన గురించి చెప్పిన పోలిక. పోలిక కోసం అంగణ్ణే ఎంచుకున్నాడంటే ఆయనకి అంగడి ఎంత బాగా తెలుసో చూడండి. రెండోదాన్లో అంగడివాడికి మూడు లక్షణాలు ఉండాలంటాడు. ఒకటి, కళ్ళు. అంటే ఈ సరుకు ఇంతకి కొన్నాను, ఇంతకి అమ్మితే ఇంత మూలధనం అవుతుంది, ఇంత లాభం వస్తుంది అని కనబడే చూపు. రెండు, కొనడంలో అమ్మడంలో నేర్పు. మూడు, నిస్సయం, అంటే ఆధారం. డబ్బున్న వాళ్ళు ఇతణ్ణి చూసి, ఇతను నేర్పరి, భార్యాబిడ్డల్ని పోషించగలడు, మన బాకీ వేళకి తీర్చగలడు అని నమ్మి, 'ఇదిగో బాబూ, తీసుకెళ్ళి వ్యాపారం చేసుకో, మాకు అప్పుడప్పుడు తీర్చు' అని తమంతట తాము పెట్టుబడి ఇవ్వడం.

మా వీధి అబ్బాయికి రెండోది ఉంది. టీ నిజంగానే బాగా పెడతాడు. మొదటిది లేదు. మూడోదాని సంగతి కిందకి వస్తాను, అది వాడి ఒక్కడి తప్పు కాదు.

కళ్ళంటే ఏమిటో జాతక కథల్లో ఉన్నంత బాగా మా బ్యాంకు ట్రైనింగుల్లో ఎక్కడా చెప్పలేదు. చుల్లసెట్ఠి జాతకం చాలామందికి తెలిసే ఉంటుంది, అయినా ఇంకోసారి చెప్పుకుందాం. కాశీలో బోధిసత్త్వుడు శ్రేష్ఠిగా ఉన్న రోజుల్లో, ఒకరోజు రాజకొలువుకి వెళుతూ దారిలో చచ్చిన ఎలుకని చూసి, 'బుర్ర ఉన్న కుర్రాడైతే ఈ ఎలుకని తీసుకుని కూడా వ్యాపారం చేసి పెళ్ళాన్ని పోషించగలడు' అన్నాడు. చితికిపోయిన కుటుంబంలోని ఒక కుర్రాడు ఆ మాట విన్నాడు. పెద్దాయన ఊరికే అనడు అనుకుని ఎలుకని తీశాడు. ఒక అంగడిలో పిల్లికి ఆహారంగా ఇస్తే ఒక కాకణిక వచ్చింది, నాణేలన్నిట్లో చిన్నది. దాంతో కాస్త బెల్లప్పాకం కొన్నాడు. కుండలో నీళ్ళు తీసుకుని ఊరి బయట కూర్చున్నాడు. అడవి నుంచి పూలు కోసుకుని అలిసిపోయి వచ్చేవాళ్ళకి కాస్త పాకం, ఒక గరిటెడు నీళ్ళు. తలో గుప్పెడు పూలిచ్చారు. పూలమ్మి మర్నాడు ఇంకాస్త పాకం కొన్నాడు. అలా ఎనిమిది కహాపణాలు పోగయ్యాయి.

ఒకరోజు గాలివానకి రాజుగారి తోటలో కొమ్మలన్నీ విరిగిపడ్డాయి. తోటమాలి తల పట్టుకున్నాడు. మనవాడు, 'ఆ కట్టెలు నాకిస్తే తోట శుభ్రం చేస్తా' అన్నాడు. ఆడుకునే పిల్లలకి తలా కాస్త పాకం పెట్టి క్షణంలో కట్టెలన్నీ గేటు దగ్గర పోగేయించాడు. రాజుగారి కుమ్మరికి ఆవం కాల్చడానికి కట్టెలు కావాలి. 16 కహాపణాలూ కొన్ని కుండలూ వచ్చాయి. ఇప్పుడు 24. ఆ కుండలతో 500 మంది గడ్డి కోసేవాళ్ళకి మంచినీళ్ళు పెట్టాడు. 'మాకింత మేలు చేశావు, నీకేం చెయ్యమంటావు?' అన్నారు వాళ్ళు. 'అవసరమైనప్పుడు అడుగుతాను' అన్నాడు. గుర్రాల బేరగాడు 500 గుర్రాలతో వస్తున్నాడని తెలిసిన రోజున తలా ఒక మోపు అడిగాడు, తన గడ్డి అమ్ముడయ్యేదాకా వాళ్ళది అమ్మొద్దన్నాడు. వెయ్యి వచ్చింది.

ఈ చివరి ఘట్టం నాకెప్పుడూ కొంచెం మింగుడు పడదు. వేరే గడ్డి దొరక్కుండా చేసి ధర పెంచడం నేర్పే గాని శీలం కాదు. జాతకాలు జనం నోళ్ళలో నలిగిన కథలు, అందులో ప్రతి అడుగూ మనకి ఆదర్శం అనుకోనక్కర్లేదు. మిగతా కథ మాత్రం చూడండి. ఆ తర్వాత రేవుకి ఓడ వచ్చిందని విని, తన ఉంగరం బయానాగా పెట్టి సరుకంతా తనదని ఒప్పందం చేసుకున్నాడు. కాశీ వర్తకులు వంద మంది వచ్చి వాటాలు కొనుక్కున్నారు, రెండు లక్షలు మిగిలాయి. అందులో సగం పట్టుకుని చుల్లసెట్ఠి ఇంటికి వెళ్ళాడు. 'మీ ఒక్క మాటతో నాలుగు నెలల్లో ఇంత సంపాదించాను' అని లక్ష ఆయన ముందు పెట్టాడు.

పిల్లలు కథలో చివరి ఓడని గుర్తుపెట్టుకుంటారు. ఓడ ముందు ఎన్ని మెట్లున్నాయో చూడరు. పూలవాళ్ళ దగ్గర అప్పు లేదు. తోట దగ్గర అప్పు లేదు. ఓడ దగ్గర మొదటిసారి పరాయి సొమ్ము జోలికి వెళ్ళాడు, అప్పటికి చేతిలో వెయ్యి ఉంది, ఊళ్ళో పేరుంది, కొనేవాళ్ళెవరో తెలుసు. మన పిల్లలు ఓడతో మొదలుపెడుతున్నారు. ఎలుక దగ్గర మొదలుపెట్టడం నామోషీ అయిపోయింది. ముందు బోర్డు, లోగో, ఏసీ, ఇన్‌స్టాలో పేజీ. ఆ కుర్రాడు నీళ్ళ కుండతో కూర్చుని నేర్చుకున్నదేమిటి? ఎవరికి ఎప్పుడు దాహం వేస్తుందో నేర్చుకున్నాడు. అది అద్దెకి దొరకదు.

కాబట్టి మగ్గం వర్కు నేర్చుకున్న అమ్మాయీ, నీకు నా సలహా. ఇంట్లోనే ఒక్క ఫ్రేము వేసుకో. తెలిసినవాళ్ళ పెళ్ళిళ్ళకి పది జాకెట్లు కుట్టు. ప్రతి జాకెట్టుకీ పూసలు, జరీ, దారం, నీ గంటలు, అన్నీ పుస్తకంలో రాయి. నీ గంటలకి కూలి వేసుకోవడం మర్చిపోకు, ఆడపిల్లలు అది మర్చిపోతారు. పదకొండో జాకెట్టుకి అడ్వాన్సు అడగడం నీకు వస్తే, మనుషుల్ని పెట్టుకునే రోజు దగ్గరపడ్డట్టు. ఆ రోజున కూడా ముద్రా శిశు లోను చాలు, 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. యూనిట్, షాపు, బోర్డు తర్వాత చూసుకుందువు గాని.

ఇప్పుడు అప్పు మాట. ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. గృహస్థుడికి నాలుగు సుఖాలని అనాథపిండికుడికి భగవానుడు చెప్పాడు. కలిగి ఉండటం, అనుభవించడం, అప్పు లేకపోవడం, నింద లేని పని చెయ్యడం. ఇంకోచోట అప్పు దుఃఖాన్ని మెట్టు మెట్టుగా వర్ణించాడు. పేదరికం దుఃఖం. అప్పు చెయ్యడం దుఃఖం. వడ్డీ కట్టాల్సి రావడం దుఃఖం. ఇచ్చినవాడు నిలదీయడం దుఃఖం. వెంటబడటం దుఃఖం. చివరికి కట్టిపడేయడం దుఃఖం. ఈ సుత్తం ఇప్పుడు చదివితే లోను యాప్‌ల గురించి చెప్పినట్టే ఉంటుంది. మా వీధి అబ్బాయి నెలకి 27 వేల లోటు పూడ్చడానికి క్రెడిట్ కార్డు గీశాడు, కార్డు కట్టడానికి యాప్‌లో తీసుకున్నాడు, ఆ యాప్ కట్టడానికి ఇంకో యాప్. ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ వాడు దొంగ అని మెసేజీలు వెళ్ళాయి. నాకూ వచ్చింది. వాళ్ళ అమ్మకి వచ్చింది. మూడు రోజులు వాడు ఇంట్లో లేడు. ఆ మూడు రోజులూ ఆ తల్లి మొహం చూడలేకపోయాను. కృష్ణ ఒడ్డునా రైలు పట్టాల దగ్గరా వెతకడానికి వెళ్ళిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

వాడు దొరికాడు. స్నేహితుడి రూములో తలుపేసుకుని పడుకున్నాడు. ఆ కుటుంబానికి పుణ్యం మిగిలింది.

ఇది చదివే పిల్లలందరికీ గట్టిగా చెబుతున్నాను. వ్యాపారం పోవడం పాపం కాదు. పంచశీలలో ఐదూ మళ్ళీ చదువుకోండి, నష్టం రాకూడదన్న శీలం అందులో లేదు. లాభనష్టాలు లోకధర్మాలని ఎనిమిదిట్లో మొదటి రెండుగా బుద్ధుడే లెక్కపెట్టాడు. అవి రాజుకీ వస్తాయి, బిచ్చగాడికీ వస్తాయి. నష్టాన్ని దాచిపెట్టడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. మూడు నెలలు, అంటే 90 రోజులు వాయిదాలు ఆగిపోతే మీ ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ 90 రోజులు కాకముందే మీ అంతట మీరు బ్యాంకుకి వెళ్ళి, పరిస్థితి ఇది, వాయిదా తగ్గించి గడువు పెంచండి అని కాగితం రాసివ్వండి. కౌంటరు ఇవతల నిలబడి అడగడం కష్టమే. కానీ ముందే వచ్చి చెప్పినవాణ్ణి చూసి మేం ఏనాడూ దొంగ అనుకోలేదు. ఫోను ఎత్తనివాడి మీదే అనుమానం వస్తుంది. వసూలు ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్లు చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. యాప్ వాళ్ళు ఫోటోలు మార్ఫింగ్ చేసి బెదిరిస్తే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. మనసు చీకటైపోతే 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లవాడు వచ్చి పోయిందని చెప్పిన రోజున 'నేను ముందే చెప్పాను' అనకండి. ఆ రోజు అన్నం పెట్టండి. లెక్కలు మర్నాడు చూసుకోవచ్చు.

ఏ వ్యాపారం చెయ్యకూడదో కూడా చెప్పాలి. ఆయుధాలు, ప్రాణులు (మనుషులతో సహా), మాంసం, మత్తు, విషం. ఈ ఐదూ ఉపాసకుడు అమ్మకూడదన్నాడు భగవానుడు. బెల్టు షాపు, గుట్కా కొట్టు ఈ లెక్కలోకే వస్తాయి. ఐదిట్లో మాట కాకపోయినా బెట్టింగ్ యాప్ కమీషను ఏ శీలం ముందూ నిలవదు. జూదం సంపదని కారిపోయేలా చేసే తూములలో ఒకటని దీఘజాణుకే చెప్పాడాయన. మా సభలో చికెన్ సెంటర్ నడిపే ఉపాసకుడు ఒకాయన ఉన్నాడు. మాంసం మాట చదివినప్పుడల్లా నాకు గొంతులో అడ్డం పడుతుంది. ఆయన కోసం జాబితాలోంచి ఒక పేరు కొట్టెయ్యలేను, ఆయన్ని లేచి వెళ్ళమనీ అనలేను. ఆయన మాత్రం కదలకుండా కూర్చుని వింటాడు. పోయినేడు పక్కన కూరగాయల బండి మొదలుపెట్టాడు.

మంచి సరుకు అమ్ముతూ కూడా తప్పుడు జీవిక చెయ్యొచ్చు. వంచన, ముఖస్తుతి, లాభాన్ని ఎరగా వేసి ఇంకో లాభాన్ని వేటాడటం, ఇవన్నీ మిథ్యా ఆజీవంలో లెక్కపెట్టాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డబ్బులిచ్చి రాయించుకున్న ఐదు స్టార్ల రివ్యూలు. ధర రెట్టింపు వేసి సగానికి తగ్గించినట్టు చూపించే డిస్కౌంటు. మన గుంటూరు వాళ్ళకి కారంలో ఏం కలుపుతారో నేను చెప్పాలా?

ఇంకో జాతకం ఉంది, సేరివాణిజ జాతకం. తేలవాహ నది దాటి అంధపురం అనే ఊరికి ఇద్దరు గాజులూ పూసలూ అమ్మేవాళ్ళు వచ్చారు. అంధపురమంటే ఆంధ్రుల పట్టణమే అని కొందరు చరిత్రకారులు అంటారు, నాకూ అలా అనుకోవడం ఇష్టం. చితికిపోయిన ఇంట్లో ఒక ముసలమ్మ, మనవరాలు. మసిపట్టిన గిన్నె ఇచ్చి పిల్లకి ఏదైనా నగ ఇవ్వమన్నారు. మొదటివాడు సూదితో గీసి చూశాడు, బంగారం! పైకి మాత్రం అర కాసుకి కూడా పనికిరాదని విసిరేసి పోయాడు, మళ్ళీ వచ్చి ఊరికే కొట్టేద్దామని. రెండోవాడు వచ్చాడు. "అమ్మా, ఇది లక్ష విలువ చేసే బంగారం, అంత డబ్బు నా దగ్గర లేదు" అన్నాడు. ఉన్న డబ్బూ సరుకూ అంతా ఇచ్చేసి, పడవ ఖర్చుకి ఎనిమిది కాసులూ తక్కెడా సంచీ మాత్రం అడిగి ఉంచుకున్నాడు. ఆ ముసలమ్మకి ఆ ఊళ్ళో ఇంక ఎవరి మీద నమ్మకం ఉంటుంది? అదే నిస్సయం.

నిస్సయం అన్నాను కదా. ఇక్కడే నా మనసులో ఉన్న అసలు బాధ చెప్పాలి. డబ్బున్నవాళ్ళు చూసి నమ్మి ఇస్తారు అంటుంది సుత్తం. మరి మన వాడల్లో పుట్టిన పిల్లల్ని ఏ డబ్బున్నవాడు చూస్తాడు? వ్యాపార కులాల్లో కుర్రాడు ఒక కొట్టు పోగొట్టుకుంటే మేనమామ ఇంకో కొట్టు పెట్టిస్తాడు. మన పిల్లవాడు పోగొట్టుకుంటే అమ్మ గాజులే పోతాయి. బాబాసాహెబ్ అంబేద్కర్ అంతటివాడు, కొలంబియాలో ఆర్థికశాస్త్రం చదివినవాడు, బరోడా ఉద్యోగంలో అవమానాలు భరించలేక బొంబాయి వచ్చి షేర్ల సలహాల వ్యాపారం పెట్టాడు. అస్పృశ్యుడని తెలిశాక వచ్చేవాళ్ళు మానేశారు, అది మూతపడింది. రూపాయి సమస్య మీద 1923లో గ్రంథం అచ్చువేసిన మనిషికి లెక్క రాక కాదు కదా. కళ్ళున్నాయి, నేర్పుంది. నిస్సయం ఇవ్వడానికి ఊరు ఒప్పుకోలేదు.

2016లో స్టాండప్ ఇండియా అని పథకం వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి పది లక్షల నుంచి కోటి దాకా ఇవ్వాలని. మంచిదే. కానీ కౌంటరు లోపల కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, టార్గెట్ కోసం మార్చి నెలాఖరున హడావుడిగా ఇచ్చిన లోను నిస్సయం కాదు. నేనూ ఇచ్చాను అలాంటివి. లెక్క సరిగ్గా లేదని తెలిసీ సంతకం పెట్టాను, నా శాఖ అంకె నిండాలని. ఆ కుర్రాడు టెంట్ హౌస్ పెట్టాడు, రెండేళ్ళలో సామాను అమ్ముకున్నాడు. వాడు ఇప్పటికీ కనబడితే నమస్తే సార్ అంటాడు. ఆ నమస్కారం నాకు గుచ్చుకుంటుంది.

అమరావతి స్తూపానికి ఒక ఫలకం దానం చేసినవాడి పేరు శాసనంలో ఉంది. విధికుడు. చమ్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధువులు, అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక ఇచ్చాడు. తోలుపనివాడు సంపాదించాడు, సమాజం ముందు పేరు చెక్కించుకునేంతగా నిలబడ్డాడు, తన తండ్రి ఉపాధ్యాయుడు. ఈ నేల మీదే, కృష్ణ ఒడ్డునే. ఆ రోజుల్లో నిస్సయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పలకే చెబుతోంది. అందరి ప్రస్తావనా ఒకే రాయి మీద ఉంది.

అందుకని మా విహారంలో ఒక పని మొదలుపెట్టాం. ప్రతి పున్నమికి వందన తర్వాత గంటసేపు ఇద్దరం రిటైరైనవాళ్ళం, ఒక టైలరింగ్ షాపు అక్కా, కూరగాయల బండాయనా కూర్చుంటాం. వ్యాపారం పెట్టినవాళ్ళూ పెట్టాలనుకునేవాళ్ళూ లెక్కల పుస్తకం తెచ్చుకుంటారు. డబ్బివ్వం, అంత లేదు మా దగ్గర. సున్నా ఎక్కడుందో చూస్తాం. సిగాలుడికి చెప్పిన వాటాలు గుర్తుచేస్తాం: నాలుగు భాగాల్లో ఒకటి తినడానికి, రెండు పనిలో పెట్టడానికి, ఒకటి ఆపదకి దాచడానికి. మొదటి లాభంతో బుల్లెట్ బండి కొన్నవాణ్ణి తిడతాం కూడా. కొమ్మ దులిపి కాయలన్నీ రాల్చి నాలుగు తిని పోయే మేడిపండ్ల వాడని బుద్ధుడే అన్నాడు అలాంటివాణ్ణి. పనివాళ్ళని పెట్టుకున్నవాళ్ళని మాత్రం మొదట వాళ్ళ జీతాల పేజీ చూపించమంటాం. శక్తికి తగ్గ పని, తిండీ జీతమూ, జబ్బు చేస్తే చూడటం, మంచిది వండితే పంచడం, వేళకి వదిలిపెట్టడం, ఈ ఐదూ యజమాని బాకీలని సిగాలోవాదంలో ఉంది. మన పిల్లలు ఒకప్పుడు జీతగాళ్ళ పిల్లలు. వాళ్ళే యజమానులయ్యాక రాత్రి పదకొండు దాకా కుర్రాణ్ణి నిలబెడితే ఇంక మనం ఇక్కడ ఎందుకు కూర్చున్నట్టు?

మా వీధి అబ్బాయి షాపు మూసేశాడు. మిషన్లూ కుర్చీలూ అమ్మగా, అడ్వాన్సులో మిగిలింది తిరిగిరాగా, యాప్‌లవి తీర్చేశాం. బ్యాంకుకి నేనూ వాడూ కలిసి వెళ్ళాం, వాయిదా తగ్గింది. ఇప్పుడు తెల్లారగట్ల నాలుగింటికి లేచి ఇంట్లోనే టీ కాచి, ఎక్సెల్ బండి మీద రెండు క్యాన్లు కట్టుకుని మిర్చి యార్డుకి వెళతాడు. బస్తాలు మోసే హమాలీలకి కప్పు పది రూపాయలు. అద్దె లేదు, బోర్డు లేదు. మంచినీళ్ళ క్యాను కూడా తీసుకెళతాడు, దానికి డబ్బులు తీసుకోడు. ఆ ఐడియా ఎక్కడిదిరా అంటే నవ్వాడు. వాళ్ళమ్మ గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

నిన్న సాయంత్రం వచ్చి, వచ్చే పున్నమికి పుస్తకం తెస్తాను తాతయ్యా, అక్షరాలు చిన్నగా రాశాను, మీ కళ్ళజోడు మర్చిపోకండి అని చెప్పి వెళ్ళాడు.